పగలు పచ్చ, తెల్లారగట్ల ఎరుపు

సోమవారం, రాత్రి 12:40

మా యాప్ సరిగ్గా నడుస్తోందో లేదో చూసే చిన్న చిన్న ప్రోగ్రాములు, అంటే టెస్టులు, మొత్తం 214. పాసైతే పచ్చ, ఫెయిలైతే ఎరుపు. 11 ఫెయిల్. ఇంకో 3 టెస్టుల మీద ఎవరో ఎప్పుడో స్కిప్ అని రాసి పక్కన పడేశారు. ‘ఎవరో’ అంటున్నాను గానీ కోడులో ఎవరేం మార్చారో దాచుకునే గిట్‌లో చూస్తే అది నేనే.

రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే వెబ్ యాప్ మాది. ఎంత మేత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, డీవో ఎంత ఉంది, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి, చివరికి రొయ్యలు పట్టే రోజున, అంటే పట్టుబడి రోజున ఏ కౌంటుకి ఏ రేటు పడింది, అన్నీ ఇందులో రాసుకోవచ్చు. డీవో అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. మేం ముగ్గురం పనిచేస్తాం. నేను నరసాపురంలో మా ఇంటి పై గదిలో, మిగతా ఇద్దరూ హైదరాబాదులో.

రెండు వారాలుగా ఒకటే గొడవ. సర్వర్ మీద టెస్టులు పచ్చగా వస్తాయి, నా లాప్‌టాప్ మీద ఎర్రగా వస్తాయి. ‘అక్కా, నీ లాప్‌టాప్ మార్చెయ్’ అంటాడు మా జూనియర్. ఈ రాత్రి కూర్చుని సెట్టింగుల ఫైలు మొదట్నించీ చదివాను. మా టెస్టులు నడిపే పనిముట్టు పేరు ప్లేరైట్. అందులో కొత్త ప్రాజెక్టు మొదలెడితే అదే ఒక ఫైలు రాసిస్తుంది. అందులో, సర్వర్ మీద నడిపేటప్పుడు ఫెయిలైన టెస్టుని ఇంకో 2 సార్లు ప్రయత్నించమని, ఒకేసారి ఒక్క వర్కరే, అంటే టెస్టులు నడిపే పనివాడు ఒక్కడే, నడవాలని ఉంటుంది. లాప్‌టాప్ మీదైతే రీట్రై లేదు, వర్కర్లేమో ప్రాసెసర్ కోర్లలో సగం. నాకు 8 కోర్లు, అంటే 4 వర్కర్లు. కాబట్టి సర్వరూ నా లాప్‌టాపూ రాస్తున్నది ఒకే పరీక్ష కాదు. అక్కడ ఫెయిలైతే మళ్లీ రెండు ఛాన్సులిచ్చి పాస్ చేస్తున్నాం.

సర్వర్ రిపోర్టులు వెనక్కి తిరగేసి చూశాను. ‘ఫ్లేకీ’ అని, అంటే ఒకసారి ఫెయిలై మళ్లీ నడిపితే పాసైనవి, పసుపు రంగులో రోజుకి మూడో నాలుగో ఉన్నాయి. ఎర్రగా లేవు కాబట్టి ఎవరమూ ఆ వరసలోకి కన్నెత్తి చూడలేదు. గూగుల్ వాళ్లే 2016లో తమ టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ జబ్బు ఉందని రాసుకున్నారు. అది తలుచుకుంటే కాస్త ఓదార్పే గానీ, వాళ్ల దగ్గర దాన్ని పట్టుకునే మనుషులున్నారు. ఇక్కడ నేనూ, పడుకోమని కింద నుంచి అరిచే మా అమ్మా.

రీట్రైలు సున్నా చేశాను. రేపట్నుంచి ఎరుపు ఎర్రగానే కనపడాలి.

మంగళవారం, సాయంత్రం

పొద్దున్న 10 గంటలకి లేచి నడిపితే 11 కాదు, 7 ఫెయిల్. ఏమీ ముట్టుకోలేదు. నాలుగు వాటంతట అవే పోయాయి. ఆ నాలుగింటి పేర్లు నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను. పోయిన జ్వరం మళ్లీ రాకుండా ఉండదు.

మిగతా ఏడింటిలో నాలుగు తేలికవే. ‘సేవ్ నొక్కు, 3 సెకన్లు ఆగు, మెసేజ్ వచ్చిందా చూడు’ అనే రకం. మధ్యాహ్నం కరెంటు పోయి, ఫోన్ హాట్‌స్పాట్ మీదికొచ్చేసరికి 3 సెకన్లు చాలట్లేదు. ఫలానా సెకన్లు ఆగమని రాయడం మానేసి, ఫలానా మెసేజ్ కనిపించేదాకా చూడమని రాస్తే ప్లేరైటే మళ్లీ మళ్లీ చూసుకుంటుంది. మామూలుగా 5 సెకన్ల దాకా ఓపిక పడుతుంది, మనం పెంచుకోవచ్చు. మెసేజ్ అర సెకనులో వస్తే అర సెకనులోనే ముందుకెళ్తుంది. నాలుగూ గంటలో అయిపోయాయి. పైగా మొత్తం టెస్టుల టైం కూడా తగ్గింది.

మూడు మాత్రం తిప్పలు పెట్టాయి. మా టెస్టులన్నీ ‘1వ నంబరు చెరువు’ అనే ఒకే చెరువు మీద ఆడుకుంటున్నాయి. ఒక టెస్టు అందులో మేత వేస్తుంటే, పక్క వర్కర్‌లో ఇంకో టెస్టు అదే చెరువుని పట్టుబడి చేసి మూసేస్తోంది. అందరూ ఒకేసారి తూములెత్తేస్తే శివారు చేనుకి నీళ్లెక్కడివి? వర్కర్లని ఒకటికి దించేస్తే, అంటే వంతులవారీ పెట్టేస్తే, సమస్య కనపడదు. సర్వర్ మీద జరుగుతున్నది అదే. నాకది ఇష్టం లేదు. ప్రతి టెస్టూ తన చెరువు తను తవ్వుకునేలా, అంటే మొదలయ్యే ముందు కొత్త పేరుతో చెరువు సృష్టించుకునేలా మార్చాను. ఇప్పుడు నాలుగు వర్కర్లూ ఒకరి గట్టు ఒకరు తొక్కరు.

అలా మార్చాక కూడా ఒకటి మొండికేసింది. చెరువుల జాబితాలో మొదటి వరసలో ఫలానాది ఉండాలంటుంది ఆ టెస్టు. డేటాబేసుని అడిగే చోట ఏ వరసలో ఇవ్వాలో మేం చెప్పనే లేదు. చెప్పకపోతే మా డేటాబేసు పోస్ట్‌గ్రెస్ తనకి చేతికందిన వరసలో ఇస్తుంది. ఒక రికార్డుని మార్చగానే దాని కొత్త ప్రతి ఇంకోచోట పడుతుంది, వరస మారిపోతుంది. ఇది టెస్టు తప్పు కాదు, యాప్ తప్పు. రైతు ఒక చెరువు లెక్క దిద్దగానే ఫోన్‌లో చెరువుల వరస తారుమారయ్యేదన్నమాట. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ‘ఫోన్ ఏదో చేస్తంది’ అనుకుని ఊరుకుని ఉంటారు.

బుధవారం

స్కిప్ చేసిన మూడింటినీ ఇవాళ లేపాను. ఊరి పేరుతో వెతికే టెస్టులవి. ఊళ్లేమో కైకలూరు, కైకరం, పైడిపర్రు. భీమవరం వెతికితే దొరుకుతోంది, ఆకివీడు దొరుకుతోంది, ఉండి దొరుకుతోంది, గణపవరం దొరుకుతోంది. ఈ మూడే దొరకవు.

మొదట కొల్లేటి వైపు ఊళ్ల డేటా ఏదో పాడైందనుకున్నాను. కానీ పైడిపర్రు తణుకు పక్కన. జిల్లాలు మారిన గొడవేమో అని కూడా చూశాను. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక కైకలూరు, కైకరం ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి, పైడిపర్రు పశ్చిమ గోదావరిలోనే ఉంది. అదీ కాదు. భోజనం చేస్తూ మూడు పేర్లూ ఒకదాని కింద ఒకటి కాగితం మీద చేత్తో రాస్తే అప్పుడు వెలిగింది. మూడింటికీ ఐత్వం ఉంది!

డేటాబేసులో ఉన్న ‘కైకలూరు’ పొడవు అడిగాను: 8. నేను కీబోర్డులో కొట్టిన ‘కైకలూరు’ పొడవు: 7. కంటికి రెండూ ఒకటే.

కంప్యూటర్లో అక్షరాలకి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. ఐత్వానికే సొంతంగా ఒక సంకేతం ఉంది. లేదంటే ఎత్వం పెట్టి, దాని కింద ఐత్వపు గుర్తుని విడిగా తగిలించొచ్చు. రెండూ సమానమేనని ప్రమాణం చెబుతుంది గానీ, అక్షరాలు పోల్చే కోడుకి ఆ సంగతి తెలియదు. తెలుగు గుణింతం మొత్తంలో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. అందుకే భీమవరానికి ఏమీ కాలేదు.

మరి విడిపోయింది ఎక్కడ? ఇంగ్లీషు పేర్లలో అక్షరాల నెత్తిన వచ్చే గీతలు, చుక్కలు తీసెయ్యడానికి ఒకప్పుడు ఎక్కడో చూసి ఒక లైను పెట్టుకున్నాం. అది ముందు ప్రతి అక్షరాన్నీ విడదీస్తుంది, ఆ తర్వాత గీతలు ఏరేస్తుంది. తెలుగు పేర్లు కూడా ఆ జల్లెడలోంచే పోయాయి. ఐత్వం విడిపోయింది, మళ్లీ కలిపినవాళ్లు లేరు. ఇప్పుడు దాచేటప్పుడూ వెతికేటప్పుడూ రెండు చోట్లా కలిపిన రూపానికే తెస్తున్నాం. పాత రికార్డులు కూడా దిద్దాను. మూడు టెస్టులూ పచ్చ.

ఆరు నెలల క్రితం ఈ మూడింటినీ స్కిప్ చేస్తూ నేను రాసుకున్న కారణం: ‘తెలుగు ఫాంట్ సమస్య, తర్వాత చూద్దాం’. ఫాంట్‌కి దీనితో ఏ సంబంధమూ లేదు.

గురువారం, తెల్లారగట్ల 5:50

ఇక పోయిన జ్వరం సంగతి. రాత్రి నిద్ర పట్టక 4:30కి లేచి నడిపితే ఆ నాలుగూ మళ్లీ ఎరుపు. మేత నమోదు, ఏరియేటర్ గంటలు, పట్టుబడి బిల్లు, రోజువారీ మొత్తం. సరే, దొరికాయి కదా, ఇప్పుడే తేల్చేద్దామని గిట్ బైసెక్ట్ పెట్టాను. కమిట్ అంటే కోడులో చేసి దాచిన ఒక మార్పు. మూడు వారాల కింద బాగున్న కమిట్ ఒకటి, ఇవాళ్టి చెడ్డ కమిట్ ఒకటి చూపిస్తే, మధ్యలో ఉన్నవాటిని సగానికి సగం కోసుకుంటూ పోయి నేరస్థుణ్ణి పట్టిస్తుంది. మధ్యలో 240 కమిట్లు, అంటే 8 అడుగులు. ఒక్కో అడుగుకి ఏడెనిమిది నిమిషాలు.

4:50 ఫెయిల్. 4:57 ఫెయిల్. 5:04, 5:12, 5:20, 5:27, అన్నీ ఫెయిల్. 5:35 పాస్. 5:42 పాస్. అయిపోయింది, దొరికిపోయాడు. మా జూనియర్ పెట్టిన కమిట్. వాడికి అప్పుడే మెసేజ్ పెట్టేశాను: ‘తమ్ముడూ, నీ కమిట్ వల్లే నాలుగు టెస్టులు పోతున్నాయి, లేవగానే చూడు.’

గురువారం, మధ్యాహ్నం

వాడి జవాబు పొద్దున్న తొమ్మిదింటికి వచ్చింది: ‘అక్కా, ఆ కమిట్‌లో సేవ్ బటన్ రంగు మార్చాను, అంతే. నా దగ్గర పాస్ అవుతోంది.’

ఆ కమిట్‌కి వెళ్లి నడిపాను. పాస్. ఇవాళ్టి కోడు నడిపాను. అదీ పాస్. బటన్ రంగు మారిస్తే పట్టుబడి బిల్లు తేదీ ఎలా మారుతుందని ఆగి ఆలోచించి ఉంటే ఆ మెసేజ్ పెట్టేదాన్నే కాదు. సారీ చెప్పాను. ‘పర్లేదక్కా, బిర్యానీ’ అన్నాడు.

కింద అమ్మ లేసు అల్లుతోంది. నరసాపురంలో సగం ఇళ్లలో ఉండే పనే. ఎక్కడో ముడి తప్పినట్టుంది, వరసలు వరసలు విప్పుకుంటూ పోతోంది. ‘తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుందే?’ అని అడిగాను. ‘తప్పు ఉన్నచోటు వచ్చేదాకా విప్పడమే, దారం అబద్ధం ఆడదు కదా’ అంది. నా దారం ఆడింది మరి. బైసెక్ట్ నమ్మేది ఒక్కటే మాట: ఒక కమిట్ ఇప్పుడు పాసైతే ఎప్పుడైనా పాసవుతుంది. నా టెస్టుల ఫలితం కమిట్‌ని బట్టి మారట్లేదు, ఇంకేదో చూసి మారుతోంది.

నోట్‌బుక్ తీసి, ఫెయిలైన ప్రతిసారీ టైమెంతో లాగుల్లోంచి ఏరి రాశాను. 12:40. 1:15. 3:05. 4:33. 5:27. పాసైనవి: 5:35. 5:42. 9:10. 10:00. 14:20. 22:50.

అర్ధరాత్రి నుంచి అయిదున్నర దాకా ఎరుపు. ఆ తర్వాత పచ్చ.

అయిదున్నర గంటలు. మన టైంకీ, ప్రపంచమంతా ప్రమాణంగా పెట్టుకున్న యూటీసీ టైంకీ ఉన్న తేడా! కుర్చీలోంచి లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకి కాస్త తూర్పుగా పోతుంది. గడియారానికీ సూర్యుడికీ దేశంలో బాగా పొత్తు కుదిరే చోట్లలో మాదొకటి. ఇక్కడ కూర్చుని టైంజోన్‌తో దెబ్బ తినడం నాకే చెల్లింది.

కోడులో చూస్తే, ‘ఈ రోజు తేదీ’ కావాలన్న ప్రతిచోటా ఇప్పటి సమయాన్ని తేదీతో మొదలయ్యే ఐఎస్‌ఓ రూపంలోకి మార్చి మొదటి 10 అక్షరాలు కోసుకుంటున్నాం. అలా మార్చే ఫంక్షను ఎప్పుడూ యూటీసీలోనే ఇస్తుంది. మనకి ఆగస్టు 2, తెల్లవారుజాము 4 గంటలైతే, అక్కడ ఇంకా ఆగస్టు 1, రాత్రి 10:30. కోసుకున్న తేదీ: ఆగస్టు 1. టెస్టేమో లాప్‌టాప్ గడియారాన్ని అడిగి ఆగస్టు 2 అంటోంది. రెండూ కలవవు, ఎరుపు. సర్వర్ గడియారమే యూటీసీలో ఉంటుంది కాబట్టి అక్కడ కోడూ టెస్టూ కలిసికట్టుగా తప్పుతాయి, పచ్చ. హైదరాబాదులో మా వాళ్లు అర్ధరాత్రి దాటాక పని చెయ్యరు, పచ్చ. ముగ్గురిలో నిద్ర లేనిదాన్ని నేనొక్కదాన్నే.

శుక్రవారం

దిద్దడం పెద్ద పని కాదనుకున్నాను. ‘ఈ రోజు’ అనే మాటకి కోడు మొత్తంలో ఒకే ఫంక్షను పెట్టి, టైంజోన్ పేరు స్పష్టంగా ఆసియా/కోల్‌కతా అని ఇచ్చాను. దీన్లోనూ ఒక చిన్న చిరాకు. బ్రౌజర్ని ‘నీ టైంజోన్ ఏంటి’ అని అడిగే టెస్టు ఒకటుంది. నా దగ్గరున్న ఫైర్‌ఫాక్స్ కోల్‌కతా అంటుంది, క్రోమ్ పాత పేరు కలకత్తాయే పట్టుకుని కూర్చుంది. ఊరు ఒకటే, గడియారం ఒకటే, అక్షరాలు వేరు. టెస్టులో పేరుని పోల్చడం మానేసి తేడా గంటల్ని పోల్చాను.

తర్వాత, టెస్టులు ఏ వేళ నడిపినా తెల్లవారుజాము నాలుగైనట్టు ఉండాలి. ప్లేరైట్ 1.45 నుంచి పేజీ గడియారాన్ని మనకి కావలసిన చోట ఆపెయ్యొచ్చు. ఆపాను. అయినా బిల్లు టెస్టు ఎరుపే. అరగంట జుట్టు పీక్కున్నాక తెలిసింది, అది బ్రౌజర్ గడియారాన్నే ఆపుతుంది. బిల్లు తేదీ వేసేది యాప్ వెనకాల నడిచే మా సర్వర్ కోడు, దాని గడియారం దాని దారిన తిరుగుతూనే ఉంది. కాబట్టి సర్వర్ కోడు కూడా టైంని నేరుగా అడగకుండా, ఎవరో ఇచ్చిన గడియారాన్ని చూసేలా మార్చాల్సి వచ్చింది. మామూలప్పుడు అసలు గడియారం, టెస్టులో నేనిచ్చిన నాలుగు గంటలు.

ఇకపైన సర్వర్ మీద ప్రతి రాత్రీ టెస్టులు మూడుసార్లు నడుస్తాయి. మెషీన్ టైంజోన్ ఒకసారి యూటీసీ, ఒకసారి మనది, ఒకసారి న్యూయార్క్. మూడింటిలోనూ ఒకే జవాబు రావాలి.

శనివారం

ఇవాళంతా పాత డేటా. మంచిదేమిటంటే తేదీతో పాటు అసలు సమయాన్ని కూడా టైంజోన్‌తో సహా దాస్తున్నాం. కాబట్టి తేదీలు మళ్లీ కట్టుకోవచ్చు. 1,312 రికార్డులు ఒకరోజు వెనక పడ్డాయి. చాలావరకు డీవో రీడింగులే. తెల్లారేముందే కదా డీవో బాగా పడిపోయేది. రాత్రంతా రొయ్యలూ, నీళ్లలో నాచూ, అడుగున మురుగూ అన్నీ పీల్చుకునేవే గానీ ఎండ లేక తయారు చేసేది ఏదీ ఉండదు. అందుకే చెరువు మీద మనిషి ఆ వేళప్పుడే మీటరు ముంచుతాడు. మా తప్పు సరిగ్గా యాప్‌ని ఎక్కువగా వాడే వేళలోనే ఉందన్నమాట.

బిల్లులు 9 ఉన్నాయి. చల్లటి వేళని రాత్రిపూట వలేసి పట్టుబడి చేస్తే కాటా తెల్లారగట్ల పడుతుంది. రెండు బిల్లులు ఒకటో తారీఖువి, ముందు నెల ఆఖరి రోజులో ఉన్నాయి. అందులో ఒకటి ఏప్రిల్ 1. అంటే ఏకంగా ఆర్థిక సంవత్సరమే మారిపోయింది. ఆ రైతుకి ఫోన్ చేసి చెప్పాను. ‘ఆడిటరు అడిగేడండి, రాసుకోడంలో నాదే పొరపాటనుకున్నాను’ అన్నాడు. ఏం మాట్లాడాలో తెలియలేదు.

సాయంత్రం 6కి కొత్త వెర్షన్ ఎక్కించాం. 217లో 217 పచ్చ.

ఆదివారం

పొద్దున్న ఏడింటికి బాబాయి ఫోన్. సఖినేటిపల్లి వైపు ఆయనకి మూడు చెరువులు, వనామి రకం రొయ్య వేస్తాడు. మా యాప్‌కి మొట్టమొదటి వాడకందారు, మొహమాటం లేని వాడకందారు.

‘ఏమ్మా, రాత్రి ఏం చేశారు? నా రాత్రి లెక్క రెండు ముక్కలైపోయింది.’

‘తప్పుంటే సరిచేశాం బాబాయ్. నాలుగింటి రీడింగు నిన్నటి తేదీలో పడేది, ఇప్పుడు ఇవాళ్టి తేదీలో పడుతుంది.’

‘నిన్నటి దాంట్లో పడ్డమే కదమ్మా రైటు!’

ఫోన్‌లో తేలేది కాదని బండి తీశాను. రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి, చెరువు దగ్గరికి వెళ్లేసరికి తొమ్మిదిన్నర. షెడ్డులో బాబాయి నోటుపుస్తకం చూపించాడు. యాప్ ఉన్నా పుస్తకం మానలేదని అప్పుడే తెలిసింది. ఒక పేజీకి ఒక తేదీ. పైన పగటి మేతలు. కింద గీత కొట్టి ‘రాత్రి’ అని, దాని కింద వరసగా 10, 1, 4 గంటల డీవో. అన్నీ ఒకే పేజీలో.

‘సాయంత్రం ఎక్కిన కాపలా మనిషి తెల్లారేక దిగుతాడు. ఆ రాత్రంతా అతని లెక్క. పదింటికి అయిదుంది, ఒంటిగంటకి నాలుగుంది, నాలుగింటికి మూడుకి దిగిందంటే ఏరియేటర్లు ఎప్పుడు వేశాడో అడగాలి కదా. నువ్వు దాన్ని తీసుకెళ్లి రేపటి పేజీలో పెడితే నేనేం చూడను?’

పక్కనే ఉన్న కాపలా అతను తలూపాడు. ‘ఆయ్, తెల్లారితేనే కదండీ రోజు మారేది.’

నిజమే. పంచాంగంలోనూ రోజు సూర్యోదయంతోనే మొదలవుతుంది. మా పాత తప్పు కోడు ప్రకారం రోజు మారేది 5:30కి. జూన్‌లో ఇక్కడ సూర్యోదయం దాదాపు ఆ వేళకే. అంటే మాకు తెలియకుండానే యూటీసీని అడ్డం పెట్టుకుని బాబాయికి ఇన్నాళ్లూ పంచాంగం రోజు చూపించాం! ఆయన కోణంలో యాప్ నిన్నటిదాకా బాగుంది, నేనే పాడుచేశాను.

‘మరి పట్టుబడి బిల్లో బాబాయ్? తెల్లారగట్ల మూడింటికి కాటా పడితే ఏ తేదీ వేస్తావ్?’

‘బిల్లుకి క్యాలెండర్ తేదీయేనమ్మా. కంపెనీ వాడు పంచాంగం చూస్తాడేంటి?’

ఒకే మనిషి, ఒకే షెడ్డు, రెండు రకాల ‘ఇవాళ’. రెండూ ఆయనకి స్పష్టమే. నాకే తెలియదు. నేను అడగనూ లేదు.

సోమవారం

జూనియర్‌తో గంటన్నర ఫోన్. వాడు పాత కోడుకే వెనక్కి వెళ్దామన్నాడు. కుదరదని చెప్పాను. 5:30 అన్నది యూటీసీ వల్ల వచ్చిన అంకె, జనవరిలో ఇక్కడ సూర్యుడు ఆరున్నర దాటాక గానీ రాడు. పైగా బిల్లులు మళ్లీ వెనక్కి పోతాయి.

చివరికి ఇలా చేశాం. దాచేది అసలు సమయం ఒక్కటే. తేదీ అన్నది దాచే వస్తువు కాదు, అడిగినప్పుడు కట్టేది. బిల్లు, మేత, ఏరియేటర్ కరెంటు లెక్క క్యాలెండర్ తేదీతో కడతాం. డీవోకి మాత్రం ‘రాత్రి’ అనే కొత్త మాట వచ్చింది: సాయంత్రం 6 నుంచి మర్నాడు పొద్దున్న 6 దాకా ఒకే రాత్రి, అది మొదలైన రోజు పేరు మీద ఉంటుంది. 6 అన్నది చెరువుని బట్టి మార్చుకోవచ్చు, కాపలా మారే వేళ అందరికీ ఒకటి కాదు.

శుక్రవారం నేను గర్వంగా రాసిన టెస్టుల్లో డీవోవి రెండు చెరిపేశాను. అవి పచ్చగానే ఉన్నాయి, అడుగుతున్నదే తప్పు. వాటి చోట కొత్తవి రాశాను, ఈసారి పేర్లు తెలుగులో పెట్టాను: ‘నాలుగింటి డీవో రాత్రి పేజీలోనే ఉండాలి’, ‘మూడింటి కాటా ఇవాళ్టి బిల్లే’. వాటిని ఫోన్‌లో బాబాయికి చదివి వినిపించాను. మా టెస్టుల్ని ఒక రైతు సరిచూడటం ఇదే మొదటిసారి. రెండోదానికి ఒక దిద్దుబాటు చెప్పాడు: కాటా ఒక రాత్రి 11కి మొదలై రెండింటికి అయితే బిల్లు ఒకటే ఉండాలి, ముగిసిన తేదీ వెయ్యాలి. మాకది తట్టనే లేదు. ఇంకో టెస్టు.

మంగళవారం, తెల్లారగట్ల 4:15

అలారం పెట్టుకుని లేచాను. 218 టెస్టులు, రీట్రై లేకుండా, నాలుగు వర్కర్ల మీద. అన్నీ పచ్చ. మూడు టైంజోన్లలో సర్వర్ మీద కూడా పచ్చ. బాబాయి చెరువుది నాలుగింటి రీడింగు అప్పుడే వచ్చింది: 4.2. సోమవారం రాత్రి పేజీలో కూర్చుంది.

దాని కిందే ఆయన వాయిస్ మెసేజ్. మెలకువగానే ఉన్నట్టున్నాడు.

‘బాగుందమ్మా. ఇంకోటి. అమావాస్యకీ పున్నానికీ రొయ్య పెంకు వదులుతుంది కదా, ఆ రెండ్రోజులూ మేత తగ్గించమని నీ యాప్ చెప్పగలదా?’

తిథి అర్ధరాత్రి మారదు, సూర్యోదయానికీ మారదు, దాని ఇష్టం వచ్చిన వేళకి మారుతుంది. చూస్తానని జవాబు పెట్టి, నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీశాను. తేదీ ఏది వెయ్యాలో ఒక్క క్షణం తోచలేదు.